పైప్‌లైన్ టూల్‌లో ప్రయోగాత్మక ఫీచర్: ఫ్లాగ్ పెట్టాలా, వేరే ప్యాకేజీ చేయాలా, ప్రీ-రిలీజ్‌లో ఇవ్వాలా?

బెంగళూరులో డేటా ఇంజనీరింగ్ చేస్తున్న మనవాళ్లలో చాలామంది రోజంతా ఎయిర్‌ఫ్లో (పనులను వేళకు, వరుసగా నడిపేది), స్పార్క్ (పెద్ద డేటాని ప్రాసెస్ చేసేది), కాఫ్కా (డేటా సందేశాలను దాచి అందించేది) లాంటి టూల్స్‌తోనే గడుపుతారు. వీలు దొరికితే వాటికి ప్యాచ్‌లు పంపేవాళ్లూ ఉన్నారు. ఆఫీసు అవసరానికి రాసుకున్న లోడర్‌నో షెడ్యూలర్‌నో ఓపెన్ సోర్స్ చేసి సొంతంగా నడుపుతున్నవాళ్లూ ఉన్నారు. వాళ్లు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. ఫీచర్ పనిచేస్తోంది కానీ పూర్తి నమ్మకం ఇంకా కుదరలేదు. నలుగురూ వాడితే తప్ప లోపాలు బయటపడవు. అలాగని అందరి మీదా రుద్దలేం. మరి దీన్ని ఏ దారిలో బయటికి పంపాలి?

దారులు ముఖ్యంగా నాలుగు. మెయిన్ కోడ్‌లోనే పెట్టి ఫ్లాగ్‌తో, అంటే ఆన్-ఆఫ్ చేసే సెట్టింగ్‌తో, ఆఫ్‌లో ఉంచడం ఒకటి. మెయిన్ కోడ్‌లోనే పెట్టి, ఇది ప్రయోగాత్మకమని పేరులోనో వార్నింగ్‌లోనో చెప్పడం రెండోది. వేరే ప్యాకేజీగా విడదీయడం మూడోది. ఆల్ఫా, బీటా, ఆర్‌సీ (రిలీజ్ క్యాండిడేట్) లాంటి ప్రీ-రిలీజ్‌లో, అంటే అసలు రిలీజ్‌కి ముందొచ్చే పరీక్ష వెర్షన్‌లో, మాత్రమే ఇవ్వడం నాలుగోది. విడిగా ఒక బ్రాంచ్ (మెయిన్ కోడ్ పక్కనే సాగే కాపీ) నడుపుతామనేవాళ్లు కూడా ఉంటారు. దాని జోలికి పోవద్దని నా సలహా. మెయిన్ బ్రాంచ్ మన కోసం ఆగదు. కొన్నాళ్లకు మెర్జ్ చేయడమే, అంటే మెయిన్‌లో కలపడమే, ఒక పెద్ద పని అయి కూర్చుంటుంది. ఈలోపు ఆ బ్రాంచ్‌ని బిల్డ్ చేసుకుని వాడి చూసేవాళ్లు దాదాపు దొరకరు.

ముందు అడగాల్సిన ప్రశ్న

వెబ్ యాప్‌లో కొత్త బటన్ బాగోలేదంటే పాత వెర్షన్ పెట్టేస్తాం, అంతటితో సరి. పైప్‌లైన్, అంటే డేటాని ఒకచోటి నుంచి తెచ్చి, మార్చి, మరోచోట వేసే పనుల వరుస, సంగతి వేరు. కోడ్‌ని వెనక్కి తిప్పినా, ఆ కోడ్ రాత్రంతా రాసిన డేటా వెనక్కి పోదు. తప్పుగా లోడైన పార్టిషన్ (డేటాలో ఒక ముక్క) అలాగే ఉంటుంది. దాని మీద కట్టిన టేబుళ్లూ అలాగే ఉంటాయి. పొద్దున్నే ఆ టేబుళ్లు చూసి ఎవరో స్టాక్ ఆర్డర్ కూడా పెట్టేసి ఉంటారు.

అందుకే నాలుగు దారుల్లో ఏది మంచిదని చర్చ మొదలుపెట్టే ముందు నేను అడిగేది ఇదీ: ఈ ఫీచర్‌ని ఒక నెల వాడి ఆఫ్ చేస్తే, వెనక ఏం మిగులుతుంది? ఏమీ మిగలకపోవచ్చు. వాడినవాళ్ల కోడ్‌లో దాని పేరు మిగలవచ్చు. లేదా డిస్క్ మీదో, మెటాడేటా (టూల్ తన పని గురించి దాచుకునే వివరాలు) డేటాబేస్‌లోనో, చెక్‌పాయింట్‌లోనో (పని ఎక్కడిదాకా వచ్చిందో రాసుకునే చోటు) ఏదో ఒక గుర్తు మిగిలిపోవచ్చు. మీరు ఎంచుకోవాల్సిన దారిని చాలావరకు ఈ జవాబే తేలుస్తుంది.

ఏమీ మిగలకపోతే ఫ్లాగ్ చాలు

దీనికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ స్పార్క్‌లోని అడాప్టివ్ క్వెరీ ఎగ్జిక్యూషన్. 2020 జూన్‌లో వచ్చిన స్పార్క్ 3.0లో దాన్ని కొత్తగా రాసి ఇచ్చారు, కానీ డిఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉంచారు. కావాలనుకున్నవాళ్లు ఒక్క సెట్టింగ్ మార్చి ఆన్ చేసుకున్నారు. 2021 అక్టోబర్‌లో వచ్చిన 3.2లో దాన్ని డిఫాల్ట్‌గా ఆన్ చేశారు. అది చేసే పని ఏమిటంటే, షఫుల్ (మెషిన్ల మధ్య డేటాని మళ్లీ పంచడం) అయ్యాక డేటా అసలు సైజు చూసి, చిన్న చిన్న పార్టిషన్లను కలుపుతుంది, వీలైన చోట రెండు టేబుళ్లనూ క్రమంలో పెట్టి కలిపే సార్ట్-మెర్జ్ జాయిన్ బదులు, చిన్న టేబుల్‌ని అన్ని మెషిన్లకూ పంపే బ్రాడ్‌కాస్ట్ జాయిన్‌కి మారుతుంది, ఒకే కీ మీద డేటా కుప్పపడితే దాన్ని విడగొడుతుంది. వచ్చే జవాబు అదే, దాన్ని చేరే ప్లాన్ మారుతుందంతే. నచ్చకపోతే ఆఫ్ చేస్తే, తర్వాతి రన్ పాత ప్లాన్‌తోనే నడుస్తుంది.

ఇక్కడ కూడా ఒక చిన్న మెలిక ఉంది. పార్టిషన్లు కలిసిపోతే అవుట్‌పుట్ ఫైళ్ల సంఖ్య మారుతుంది. ఫోల్డర్‌లో 200 ఫైళ్లు వచ్చాయా అని లెక్కపెట్టి ముందుకెళ్లే స్క్రిప్ట్ ఎక్కడో ఒక టీమ్‌లో ఉండే ఉంటుంది. కాబట్టి ఏమీ మిగలదని తేల్చే ముందు ఫైళ్ల సంఖ్య, వరుసల క్రమం, ఫైళ్ల పేర్లు కూడా చూడండి.

ఫ్లాగ్ పెట్టేటప్పుడు పట్టించుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. ఫ్లాగ్ మొత్తం ఇన్‌స్టాలేషన్‌కి కాకుండా ఒక్కో పైప్‌లైన్‌కి విడిగా ఉండాలి. వంద పైప్‌లైన్లు నడిపే టీమ్ గ్లోబల్ స్విచ్‌ని ఎప్పటికీ ముట్టుకోదు. ఒక్క పైప్‌లైన్‌కి ఆన్ చేసుకోవచ్చంటే మాత్రం, పోతే పోనీలే అనుకునే పైప్‌లైన్ ఒకటి వెతికి ప్రయత్నిస్తుంది. రెండో విషయం, ప్రతి రన్ మొదట్లో ఏ ఫ్లాగ్‌లు ఆన్‌లో ఉన్నాయో లాగ్‌లో ఒక లైను రాయండి. నిన్న రాత్రి రన్‌లో వరుసలు తగ్గాయని ఎవరో ఇష్యూ పెడతారు. ఫ్లాగ్ ఆన్‌లో ఉందా అని అడిగితే, నాకు తెలియదు, మా ప్లాట్‌ఫామ్ టీమ్ చూసుకుంటుంది అంటారు. ఆ ఒక్క లైను ఉంటే రెండు రోజుల ఉత్తరప్రత్యుత్తరాలు తప్పుతాయి.

ఇక ఫ్లాగ్ ఖరీదు టెస్టుల్లో కనబడుతుంది. ఒకదానితో ఒకటి సంబంధం లేని ఫ్లాగ్‌లు ఐదు ఉన్నాయంటే 32 కలయికలు. ఏ చిన్న ప్రాజెక్టూ అన్నీ టెస్ట్ చేయలేదు. ఒక్కరే నడిపే ప్రాజెక్టులో ఒకేసారి రెండు ప్రయోగాత్మక ఫ్లాగ్‌లకు మించి ఉంచవద్దని నేను గట్టిగా చెబుతాను. మూడోది కావాలంటే ఉన్నవాటిలో ఒకదాన్ని స్థిరపరచాలి, లేదా తీసేయాలి.

పేరు పెట్టి హెచ్చరించడం

ఫీచర్ కొత్త ఫంక్షనో కొత్త క్లాసో అయితే, దాని పేరు వాడినవాళ్ల కోడ్‌లోకి వెళ్లిపోతుంది. అక్కడ ఫ్లాగ్ కంటే పేరుతో చెప్పడం నయం. పైథాన్ మెషిన్ లెర్నింగ్ లైబ్రరీ సైకిట్-లెర్న్ వాళ్లు చేసిన పద్ధతి నాకు బాగా నచ్చుతుంది. 2019లో 0.21 వెర్షన్‌తో హిస్టోగ్రామ్ గ్రేడియంట్ బూస్టింగ్ అనే కొత్త మోడల్ ఇచ్చినప్పుడు, దాన్ని వాడాలంటే ముందుగా ఎక్స్‌పెరిమెంటల్ అనే మాడ్యూల్ నుంచి ఒక ప్రత్యేకమైన ఇంపోర్ట్ లైను రాయాల్సి వచ్చేది. ఆ లైను రాయకపోతే ఫీచర్ దొరకదు. 2021లో 1.0 వచ్చేసరికి అది స్థిరమైంది, ఆ లైను అవసరం లేకుండా పోయింది. పాత కోడ్‌లో ఆ లైను ఉన్నా ఏమీ విరగదు. వాడేవాళ్లు తెలిసి, తమ చేత్తో రాసి ఒప్పుకున్నట్టు అవుతుంది. కోడ్ రివ్యూలో పక్కవాళ్లకీ కనబడుతుంది. ఎంతమంది వాడుతున్నారో కోడ్ వెతికితే తెలిసిపోతుంది.

దాంతో పోలిస్తే రన్ అయ్యేటప్పుడు వార్నింగ్ ఇవ్వడం బలహీనమైన పద్ధతి. పైథాన్‌లో డెప్రికేషన్ వార్నింగ్ (ఇది త్వరలో పోతుందనే హెచ్చరిక) అనే రకం మెయిన్ స్క్రిప్ట్‌లో తప్ప మామూలుగా కనబడనే కనబడదు. వాడేవాళ్లకు కనబడాలంటే ఫ్యూచర్ వార్నింగ్ రకం వాడాలి, లేదా మీ సొంత రకం ఒకటి రాసుకోవాలి. అది కనబడినా, ఎక్కడ కనబడుతుంది? అర్ధరాత్రి రెండింటికి నడిచిన టాస్క్ లాగ్‌లో. ఆ టాస్క్ ఫెయిల్ అయితే తప్ప ఆ లాగ్ ఎవరూ తెరవరు.

పేరులో ప్రయోగాత్మకం అని ఉంటే చాలు, మన బాధ్యత తీరిపోయిందనుకునేవాళ్లు ఎయిర్‌ఫ్లో పాత ఏపీఐ (వేరే ప్రోగ్రామ్‌లు దాన్ని వాడుకునే దారి) సంగతి తప్పకుండా తెలుసుకోవాలి. ఎయిర్‌ఫ్లో 1.10 రోజుల్లో బయటినుంచి డాగ్‌ని (ఎయిర్‌ఫ్లోలో ఒక పైప్‌లైన్‌కి పేరు) ట్రిగ్గర్ చేయడానికి ఉన్న ఏపీఐ అడ్రస్‌లోనే ఎక్స్‌పెరిమెంటల్ అనే మాట ఉండేది. వేరే దారి లేదు కాబట్టి ప్రొడక్షన్‌లో జనం దాన్నే వాడారు. దాని డిఫాల్ట్ సెట్టింగ్ ఎలా ఉండేదంటే, పాస్‌వర్డ్, టోకెన్ ఏమీ అడగకుండా ప్రతి రిక్వెస్ట్‌నీ అనుమతించేది. తలుపు మీద లోపలికి రావద్దని బోర్డు పెట్టి గడియ వేయకుండా వదిలేసినట్టు. 2020 జూలైలో వచ్చిన 1.10.11లో డిఫాల్ట్‌ని అన్నీ తిరస్కరించేలా మార్చారు. భద్రతా లోపాల జాబితాలో సీవీఈ-2020-13927 అంటే ఇదే. కొత్త డిఫాల్ట్ కొత్తగా ఇన్‌స్టాల్ చేసినవాళ్లకే పనికొచ్చింది. పాత కాన్ఫిగ్ ఫైల్ ఉన్నవాళ్లు తామే వెళ్లి మార్చుకోవాల్సి వచ్చింది. 2020 డిసెంబర్‌లో వచ్చిన 2.0తో గానీ దాని స్థానంలో స్థిరమైన ఏపీఐ రాలేదు.

అంటే మీ ఫీచర్ నెట్‌వర్క్ మీద ఏదైనా తెరిచేదైతే, ఏ దారి ఎంచుకున్నా మొదటి రోజే డిఫాల్ట్ బిగించి ఉండాలి. తర్వాత బిగిస్తామంటే అప్పటికే వేల కాన్ఫిగ్ ఫైళ్లలో పాత విలువ కాపీ అయి ఉంటుంది.

అంచుల్లో ఉండే పనికి వేరే ప్యాకేజీ

కొత్త డేటాబేస్‌కి కనెక్టర్, కొత్త స్టోరేజ్‌కి రైటర్ లాంటివి వేరే ప్యాకేజీకే నప్పుతాయి. ఎయిర్‌ఫ్లో ఒకప్పుడు వీటిని కాంట్రిబ్ అనే ఫోల్డర్‌లో కోర్‌తో పాటే ఇచ్చేది. 2.0 నుంచి ప్రొవైడర్ ప్యాకేజీలుగా విడగొట్టింది. గూగుల్ క్లౌడ్ కనెక్టర్‌లో ఒక చిన్న సవరణ కోసం మొత్తం ఎయిర్‌ఫ్లో రిలీజ్ దాకా ఆగే బాధ తప్పింది. మీ ప్యాకేజీకి 0తో మొదలయ్యే వెర్షన్ నంబర్ ఇస్తే, సెమాంటిక్ వెర్షనింగ్ (వెర్షన్ నంబర్లకు అర్థం చెప్పే నియమాలు) ప్రకారం ఎప్పుడైనా ఏదైనా మారవచ్చని ముందే చెప్పినట్టవుతుంది. కోర్ పేరు చెడదు. నచ్చకపోతే వాడేవాళ్లు అన్‌ఇన్‌స్టాల్ చేస్తారు.

ఈ దారి తప్పయ్యే సందర్భం ఒకటుంది. ప్లగిన్ పనిచేయడానికి కోర్ లోపలి భాగాలను బయటికి తెరవాల్సి వస్తుంటే ఆగండి. షెడ్యూలర్ లోపలి క్యూని ప్లగిన్‌కి ఇచ్చారనుకోండి, ఆ రోజు నుంచి ఆ క్యూ కూడా పబ్లిక్ ఏపీఐయే. ప్రయోగం ప్లగిన్‌లో జరుగుతోందని మీరనుకుంటారు, కట్టుబడిపోయింది మాత్రం కోర్. అలాంటప్పుడు ఫ్లాగే మేలు.

డిస్క్ మీద గుర్తు మిగిలేవి

అసలు చిక్కంతా ఇక్కడే ఉంటుంది. ఈ మధ్య బెళ్లందూరులో ఒక శనివారం, అనంతపురం నుంచి వచ్చిన ఒక తమ్ముడు తన పుల్ రిక్వెస్ట్ (కోడ్‌లో కలపమని పంపే మార్పు) చూపించాడు. అతని లోడర్ జేసన్ ఫీడ్ తీసుకుని వేర్‌హౌస్ టేబుల్‌లో వేస్తుంది. ఫీడ్‌లో కొత్త ఫీల్డ్ కనబడితే టేబుల్‌లో కాలమ్‌ని తనే చేర్చేలా రాశాడు.

"అన్నా, ఫ్లాగ్ పెట్టేశాను, డిఫాల్ట్ ఆఫ్. ఇంక టెన్షన్ లేదు కదా?"

"సోమవారం ఆన్ చేశారు, గురువారం ఆఫ్ చేశారు. మధ్యలో చేరిన కాలమ్స్ ఏమవుతాయి?"

"ఉండిపోతాయన్నా. ఉంటే నష్టమేముంది?"

"ఫ్లాగ్ ఆఫ్‌లో ఉన్నప్పుడు నీ పాత కోడ్ టేబుల్‌లో తనకు తెలియని కాలమ్ చూస్తే ఏం చేస్తుంది?"

ల్యాప్‌టాప్ తిప్పి చూశాడు. పాత కోడ్ లోడ్ చేసే ముందు రెండు వైపులా స్కీమా (కాలమ్స్ పేర్లు, టైప్‌లు) పోల్చి, తేడా ఉంటే ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. అంటే ఫీచర్ నచ్చక ఆఫ్ చేసినవాళ్ల పైప్‌లైన్ ఆ రాత్రే నిలిచిపోతుంది. వెనక్కి వెళ్లే దారే మూసుకుపోయింది.

అతనికి నేను చెప్పిన క్రమం ఇలాంటి ఫీచర్లన్నిటికీ పనికొస్తుంది. ముందు ఒక రిలీజ్‌లో చదివే వైపు మాత్రమే మార్చాలి. అదనపు కాలమ్ ఉంటే పట్టించుకోకుండా సాగిపోయేలా. అందులో ప్రయోగం ఏమీ లేదు, అందరికీ పోతుంది. ఆ తర్వాతి రిలీజ్‌లో ఫీచర్ వస్తుంది, కానీ టేబుల్‌ని మార్చదు. ఏ కాలమ్ ఏ టైప్‌తో చేర్చేదో ఆ ఎస్‌క్యూఎల్ వాక్యాన్ని లాగ్‌లో రాస్తుంది, అంతే. వాడేవాళ్లు అది చూసి, ఫోన్ నంబర్‌ని అంకెగా ఊహించిందే, ముందున్న సున్నా పోతుందే అని చెబుతారు. ఆ రకం లోపాలు సరిదిద్దాక, మూడో రిలీజ్‌లో నిజంగా చేర్చే మోడ్ ఫ్లాగ్ వెనక ఇవ్వాలి. అప్పటికి దాన్ని ఆన్ చేసినవాళ్లు ఆఫ్ చేసినా, ఒక వెర్షన్ వెనక్కి దిగినా పైప్‌లైన్ ఆగదు.

ఇదే పద్ధతిని చాలా పెద్ద ఎత్తున చూడాలంటే కాఫ్కా తన మెటాడేటాని దాచుకునే జూకీపర్ అనే వేరే సిస్టమ్‌ని వదిలించుకున్న తీరు చూడండి. కిప్-500 అనే ప్రతిపాదన 2019 నాటిది. జూకీపర్ లేకుండా నడిచే క్రాఫ్ట్ మోడ్ 2021 ఏప్రిల్‌లో 2.8తో ఎర్లీ యాక్సెస్‌గా, అదే ఏడాది 3.0లో ప్రివ్యూగా వచ్చింది. 2022 అక్టోబర్‌లో 3.3 వచ్చేసరికి కొత్త క్లస్టర్లకు ప్రొడక్షన్‌లో వాడవచ్చన్నారు. గమనించాల్సింది ఆ ‘కొత్త క్లస్టర్లకు’ అన్న మాట. ఉన్న క్లస్టర్‌ని జూకీపర్ నుంచి మార్చే దారిని వేరే ప్రయోగంగా చూసి, 3.4లో ఎర్లీ యాక్సెస్‌తో మొదలుపెట్టి 3.6లో ప్రొడక్షన్‌కి సిద్ధమన్నారు. ఆ మార్పు జరిగేటప్పుడు మెటాడేటాని కొంతకాలం రెండు చోట్లా రాస్తుంది. చివరి అడుగు వేసేదాకా తిరిగి జూకీపర్‌కి వెళ్లిపోవచ్చు. 2025 మార్చిలో 4.0తో జూకీపర్ పూర్తిగా పోయింది. అంత పెద్ద సమూహానికే అన్నేళ్లు పట్టింది. మన చిన్న ప్రాజెక్టుకి అన్ని దశలు అక్కర్లేదు. కానీ ముందు కొత్తవాళ్లకు మాత్రమే ఇవ్వడం, పాతవాళ్లను మార్చడాన్ని విడి ఫీచర్‌గా చూడటం, చివరి అడుగుదాకా వెనుదారి తెరిచి ఉంచడం ఎంత చిన్న టీమైనా చేయగలిగినవే.

ప్రీ-రిలీజ్ దేనికి పనికొస్తుంది

ఒక్క ఫీచర్‌ని పరీక్షించడానికి ప్రీ-రిలీజ్ మీద ఆధారపడవద్దు. పైథాన్ ప్యాకేజీలను ఇన్‌స్టాల్ చేసే పిప్ మామూలుగా ప్రీ-రిలీజ్ వెర్షన్లను తీసుకోదు, అడిగితేనే తీసుకుంటుంది. కంపెనీల్లో వెర్షన్లు పిన్ చేసి, అంటే ఒకే నంబర్‌కి కట్టేసి, ఉంటాయి. వాడి చూసేవాళ్లు చాలా తక్కువ. మొత్తం రిలీజ్ సరిగ్గా ఇన్‌స్టాల్ అవుతోందా, డేటాబేస్ మైగ్రేషన్ పాత వెర్షన్ నుంచి సాఫీగా నడుస్తోందా చూడటానికి మాత్రం దాన్ని మించినది లేదు. అపాచీ ప్రాజెక్టుల్లో రిలీజ్‌కి కనీసం మూడు బైండింగ్ ఓట్లు (ప్రాజెక్టు కమిటీ సభ్యుల అనుకూల ఓట్లు) కావాలి. ఎయిర్‌ఫ్లో ఆర్‌సీ ఇచ్చిన ప్రతిసారీ, అందులో ఎవరి మార్పు వాళ్లు పరీక్షించి చెప్పమని ఇష్యూ తెరుస్తారు. కొత్తగా కాంట్రిబ్యూట్ చేయాలనుకునే మనవాళ్లకు అది మంచి ప్రవేశద్వారం. ఎలా చేయాలో తెలియకపోతే బెంగళూరులో ఫాస్ యునైటెడ్ (ఓపెన్ సోర్స్ సమాజం) పెట్టే మీటప్‌లకు వెళ్లండి, కూర్చోబెట్టి చూపించేవాళ్లు దొరుకుతారు.

ఎప్పటికీ ప్రయోగాత్మకంగానే ఉండిపోకుండా

స్పార్క్‌లో వచ్చిన డేటాని వచ్చినట్టే ప్రాసెస్ చేసే కంటిన్యువస్ ప్రాసెసింగ్ 2018లో 2.3తో ప్రయోగాత్మకంగా వచ్చింది. 3.5 డాక్యుమెంటేషన్‌లో కూడా దాని పక్కన ఆ మాట అలాగే ఉంది. అదే స్పార్క్‌లో ఆగకుండా వచ్చే డేటా కోసం ఉన్న స్ట్రక్చర్డ్ స్ట్రీమింగ్ 2016లో 2.0తో వచ్చి, మరుసటి ఏడాది 2.2లో ఆ ముద్ర తీయించుకుంది. ఏళ్ల తరబడి ప్రయోగాత్మకం అని ఉంటే ప్రొడక్షన్‌లో వాడదలిచినవాళ్లు భయపడతారు, వాడేస్తున్నవాళ్లు ఆ మాటని చదవడం మానేస్తారు. రెండూ నష్టమే.

అందుకే ఫీచర్ మెర్జ్ చేసే రోజే డాక్యుమెంట్‌లో నాలుగు సంగతులు రాయించండి: ఏ వెర్షన్‌లో వచ్చింది, ఎవరు చూసుకుంటున్నారు, ఏం జరిగితే స్థిరమని ప్రకటిస్తారు, ఏ రిలీజ్‌లో ఆ నిర్ణయం తీసుకుంటారు. మైనర్ రిలీజ్‌లో కూడా తీసేయవచ్చన్న మాట కూడా అక్కడే ఉండాలి. స్థిరమని ఒప్పుకున్నదాన్ని తీయడం ఎంత నెమ్మదో ఎయిర్‌ఫ్లో సబ్‌డాగ్ (ఒక డాగ్ లోపల ఇంకో డాగ్ పెట్టే ఫీచర్) చూస్తే తెలుస్తుంది. 2.0లో వాడవద్దన్నారు, 2025 ఏప్రిల్‌లో 3.0 వచ్చాక గానీ పోలేదు.

ఆఫీసులో ఆన్ చేసేవాళ్లకు

మీరు రాసేవాళ్లు కాకుండా వాడేవాళ్లయితే, పాత పద్ధతి, కొత్త పద్ధతి ఒకే ఇన్‌పుట్ మీద పక్కపక్కన నడిపి పోల్చండి. వరుసల సంఖ్య ఒక్కటే చూస్తే సరిపోదు. ప్రతి కాలమ్‌లో ఖాళీలు ఎన్ని, అంకెల కాలమ్స్ మొత్తాలు కలుస్తున్నాయా అన్నది కూడా చూడాలి. నెలాఖరు లెక్కలకు సంబంధించిన పైప్‌లైన్‌తో మొదలుపెట్టవద్దు.

అన్నిటికంటే ముందు సోర్స్ డేటా ఎన్నాళ్లు ఉంటుందో చూసుకోండి. కాఫ్కాలో డిఫాల్ట్ రిటెన్షన్ (డేటాని దాచి ఉంచే కాలం) 168 గంటలు, అంటే వారం. ఆ వారంలోపు తప్పు కనిపెడితే మళ్లీ చదివి సరిచేయవచ్చు. దాటితే సరిచేయడానికి ముడిసరుకే ఉండదు. సంక్రాంతికి ముందు శుక్రవారం ఫ్లాగ్ ఆన్ చేసి ఊరెళ్లే బస్సెక్కితే, పండగ చేసుకుని తిరిగి డ్యాష్‌బోర్డ్ తెరిచేసరికి ఆ వారం అయిపోతుంది. ఆన్ చేయక తప్పదనుకుంటే ముందు ఆ టాపిక్ (కాఫ్కాలో డేటా వచ్చి చేరే చోటు) రిటెన్షన్‌ని కనీసం మూడు వారాలకు పెంచి, డిస్క్ సరిపోతుందో లేదో చూసి, ఊళ్లో ఉండే ఒకరికి ఫ్లాగ్ ఎక్కడుందో చూపించి వెళ్లండి.